సున్నపు దొర మొహం

అచ్చులమ్మ చేతికి మొహం అప్పజెప్పాక ఎంతటివాడైనా నోరు మూసుకోవాల్సిందే. సినిమావాళ్ళలో ఇదొక వేళాకోళం, కానీ అక్షరాలా నిజం. మనిషి మొహానికి అచ్చు తియ్యాలంటే ముందు జుట్టుకి రబ్బరు టోపీ తొడగాలి. కనుబొమ్మలకి వాజిలిన్ దట్టంగా పట్టించాలి. పళ్ళ డాక్టర్లు వాడే గులాబీరంగు ముద్దని నుదుటి నుంచి గొంతు దాకా పులమాలి. దానిమీద తడిపిన ప్లాస్టర్ పట్టీలు పరచాలి. అదంతా గట్టిపడే దాకా, ఇరవై నిమిషాలు, కూర్చున్నవాడు కళ్ళు తెరవకూడదు, పెదవి కదపకూడదు. ముక్కు దగ్గర రెండు కన్నాలు మాత్రం వదులుతారు. ప్రాణం ఆ రెండు కన్నాల్లోంచే వస్తూ పోతూ ఉంటుంది.

పందొమ్మిదేళ్ళుగా ఆమె పని ఇదే. కుర్ర హీరోలని ముసలివాళ్ళని చెయ్యడం, నున్నటి చెంప మీద కత్తిగాటు పెట్టడం, బతికున్నవాడిని శవంలా పడుకోబెట్టడం. స్టూడియో వెనక పాత గోదాములో ఆమె పనిగది. గోడ పొడుగునా అరల్లో తెల్లటి ప్లాస్టర్ తలకాయలు, ప్రతి గడ్డం కింద ఒక చీటీ. అసలు పేరుతో ఆమెని పిలిచేది ఇంట్లో అన్నయ్య ఒక్కడే. అతనికీ పక్షవాతం వచ్చాక మాట సగమే పలుకుతోంది.

ఆ గోదాముకి ఒకనాటి ఉదయం ప్రొడక్షన్ మేనేజరు రొప్పుకుంటూ వచ్చాడు.

"అచ్చులమ్మా, పండగ చేసుకో! గురువుగారు సున్నపు దొర కథని సినిమాగా తీస్తున్నారు. మొహాలన్నీ నువ్వే చెయ్యాలి."

ఆమె చేతిలోని ప్లాస్టర్ గిన్నె కింద పెట్టింది. "చేస్తాను" అంది. ఎన్ని మొహాలని అడగలేదు, ఎన్నాళ్ళలో అని అడగలేదు. మేనేజరు ఆశ్చర్యపోయాడు. బేరం ఆడకుండా ఆమె ఒప్పుకున్న పని అదొక్కటే.

సున్నపు దొర ఎవరో ఆ ఊళ్ళో నలభై దాటినవాళ్ళందరికీ తెలుసు. ఒక వారపత్రికలో పదకొండేళ్ళు నడిచిన బొమ్మల కథలో విలన్ వాడు. మొదట్లో సున్నపు బట్టీలో కూలీ. సున్నం తడిపే గొయ్యి చుట్టూ యజమాని కంచె వెయ్యించలేదు. కూలీ కాలుజారి సలసలా కాగుతున్న సున్నంలో పడ్డాడు. ఆసుపత్రికి తీసుకెళ్తే సంగతి బయటపడుతుందని యజమాని వాణ్ణి రాళ్ళగుట్ట వెనక పారేయించాడు. వాడు చావలేదు. కానీ మొహం మిగల్లేదు. కళ్ళు, రెండు కన్నాలు, ఒక చీలిక, అంతే. అప్పటి నుంచి ఊళ్ళో పెద్దమనుషుల మొహాలకి సున్నంతో అచ్చులు తీసి, వాటిని తగిలించుకుని, వాళ్ళలాగే నడిచి, వాళ్ళలాగే దగ్గి, నిలువునా దోచేస్తాడు. పిల్లలు పత్రిక కోసం పోస్టుమాన్‌కి ఎదురెళ్ళేవాళ్ళు.

ప్రతి వారం ఆ కథ కింద "కథ, బొమ్మలు" అని పత్రిక సంపాదకుడి పేరే ఉండేది. ఆ పేరే అతన్ని సినిమాల్లోకి తీసుకొచ్చింది. సంపాదకుడు రచయితై, రచయిత దర్శకుడై, దర్శకుడు ముదిరి అందరికీ గురువుగారయ్యాడు.

అయితే సున్నపు దొరని కన్నది గురువుగారు కాదు. అచ్చులమ్మ అన్నయ్య.

అన్నయ్య ఇరవై రెండేళ్ళప్పుడు సున్నపు బట్టీలో గుమస్తా. ఒకరోజు నిజంగానే ఒక కూలీ గోతిలో పడి చనిపోయాడు. తాగి పడ్డాడని రాయమన్నాడు యజమాని. ఉద్యోగం పోతుందన్న భయంతో అన్నయ్య రాశాడు. ఆ అబద్ధం రాసిన చెయ్యే తర్వాత ఊరుకోలేదు. రూళ్ళ పుస్తకంలో, పెన్సిల్‌తో, ఆ కూలీకి మళ్ళీ ప్రాణం పోసింది. నూటనలభై పేజీలు. సిరాతో శుభ్రంగా మళ్ళీ గీసి కట్టిన ప్రతిని పత్రికకి పోస్టులో వేసి వచ్చింది పదమూడేళ్ళ చెల్లెలే. ఆర్నెల్ల తర్వాత దొర అచ్చయ్యాడు, వేరే పేరుతో. ఎందుకలా అని అమ్మ అడిగితే, "అమ్మేశానమ్మా, మనకెందుకా గొడవ" అన్నాడు అన్నయ్య. ఇంట్లో అందరూ నమ్మారు. అతను మళ్ళీ పెన్సిలు పట్టలేదు. బట్టీ మానేసి ముప్పై ఏళ్ళు దుకాణాల బోర్డులు రాసుకుంటూ బతికాడు.

రెండేళ్ళ కిందట అతనికి కుడివైపు పడిపోయినప్పుడు, ఆసుపత్రి కాయితాల కోసం చెల్లెలు అతని పెట్టె తెరిచింది. అడుగున రూళ్ళ పుస్తకం ఉంది. అందులో నాలుగు మడతల ఉత్తరం. పైన పత్రిక పేరు, తేదీ.

"మీ బొమ్మల కథ అందినది. మొహము లేని విలన్‌ను పాఠకులు వారం వారం చూడజాలరు. ప్రచురించలేము. తిప్పి పంపుటకు తపాలా బిళ్ళలు జతపరచలేదు కనుక ప్రతి మా వద్దనే ఉండును. మీరు వేరొక వృత్తి చూసుకొనుట మేలు."

కింద తోక తిరిగిన పాములాంటి సంతకం.

అమ్మెయ్యలేదు. దోచుకున్నారు. పైగా వేరే పని చూసుకోమన్నారు. ఆ సిగ్గు ఎవరికీ కనపడకుండా అన్నయ్య ముప్పై ఏళ్ళు పెట్టె అడుగున దాచుకున్నాడు. పెట్టె ముందు కూర్చుని ఆ ఉత్తరం చదివినరోజు ఆమె ఏడవలేదు. మడతలు మళ్ళీ ఎలా ఉన్నవి అలాగే పెట్టింది. పాముకి పగ పుట్టుకతో వస్తుందంటారు. ఆమెకి నలభై రెండో ఏట వచ్చింది.

షూటింగ్ మొదలైంది. దొర వేషం వేసిన నటుడు నెమ్మదైన మనిషి. తెల్లారకముందే వచ్చి కుర్చీలో కూర్చునేవాడు. సున్నంలో ఉడికిన చర్మాన్ని అంటించడానికి నాలుగు గంటలు పట్టేది. ఆమె జిగురు పూస్తూ పూస్తూ రూళ్ళ పుస్తకంలో దొర ఎలా ఉండేవాడో అలాగే చేసింది. ఎడమ కనురెప్ప కొంచెం వాలి ఉండాలి. పై పెదవి ఉండకూడదు.

అద్దంలో చూసుకుని నటుడు, "వీణ్ణి చూస్తే భయం కాదమ్మా, జాలేస్తోంది" అన్నాడు.

"జాలి పడితేనే మీరు బాగా చంపుతారు" అంది ఆమె.

దొర నేరాలు ఒక్కొక్కటే తెరకెక్కాయి. బ్యాంకు మేనేజరు మొహంతో ఇనప్పెట్టె తెరిచాడు. జడ్జి మొహంతో కోర్టులో కూర్చుని జైలు ఖాళీ చేయించాడు. పోలీసు అధికారి మొహంతో తనని పట్టుకోవడానికి తనే బలగాన్ని పంపించాడు, వేరే ఊరికి. ఇక మిగిలింది ఆఖరి నేరం. బట్టీ యజమాని మొహం తగిలించుకుని, అతని ఇంట్లోకే నడిచివెళ్ళడం.

"బట్టీ యజమాని వేషం నేనే వేస్తాను" అన్నాడు గురువుగారు. "నేను కన్న బిడ్డ సినిమాలో నా మొహం లేకపోతే ఎలా?"

అచ్చు తియ్యడానికి ఒక మధ్యాహ్నం ఆయన గోదాముకి వచ్చాడు. సహాయకురాలిని ఆమె పట్టీలు తెమ్మని స్టోరుకి పంపేసింది. గదిలో ఇద్దరే.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇరవై నిమిషాలు నోరు మూసుకోవడం నావల్ల అవుతుందంటావా?"

"అలవాటు లేని పనే సార్" అంది, టోపీ తొడుగుతూ. ఆయన పొట్ట కదిలేలా నవ్వాడు.

"మొదటి పన్నెండు వారాల బొమ్మలు చాలా బాగుండేవంటారు. తర్వాత అంత బావుండలేదంట" అంది వాజిలిన్ రాస్తూ.

"ఆ పన్నెండు వారాలూ నా చెయ్యి. తర్వాత తీరిక లేక వేరేవాళ్ళకి అప్పజెప్పాను."

"ఎవరి సాయమూ తీసుకోలేదా?"

"సాయమా? ఎవడో బట్టీ గుమస్తా ఏదో గీకి పంపాడప్పట్లో. చెత్త. అలాంటివి బస్తాలకొద్దీ వచ్చేవి. పొయ్యిలోకి బాగా పనికొచ్చేవి."

అంటే మర్చిపోలేదు. గుమస్తా అన్న సంగతి కూడా గుర్తుంది. ఆమె గులాబీ ముద్ద కలపడం మొదలుపెట్టింది.

"ఇక మాట్లాడకండి సార్. అవునంటే ఒక వేలు, కాదంటే రెండు. ఊపిరాడకపోతే చెయ్యి మొత్తం లేపండి."

నుదురు మూసుకుపోయింది. కళ్ళు మూసుకుపోయాయి. నోరు మూసుకుపోయింది. పట్టీలు పరిచేసరికి కుర్చీలో గురువుగారు లేడు. తెల్లటి గడ్డ ఒకటి, దానికి రెండు కన్నాలు.

"సార్, సున్నపు దొర మీ బుర్రలోనే పుట్టాడా?"

ఒక వేలు లేచింది.

"ఇంకెవరికైనా వాటా ఉందా?"

రెండు వేళ్ళు.

ఆమె తన రెండు బొటనవేళ్ళూ ఆ రెండు కన్నాల మీద పెట్టింది. చాలా మెత్తగా, పిండి అద్దినట్టు. లోపల లెక్కపెట్టుకుంది. ఒకటి, రెండు, మూడు. నాలుగు దగ్గర కుర్చీ చేతుల మీద గోళ్ళు గీరుకున్నాయి. అయిదు దగ్గర చెయ్యి మొత్తం లేచింది. ఆమె తియ్యలేదు. ఆరు. ఏడు. కాళ్ళు తన్నుకుంటున్నాయి. తన చేతులు ఏమాత్రం వణకడం లేదని అప్పుడు గమనించి ఆమెకే భయం వేసింది. ఆ భయం వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. వీడు ఇక్కడ చస్తే ఏమవుతుంది? పూలబండి మీద ఊరేగిస్తారు. సున్నపు దొరని కన్న మహానుభావుడని పేపర్లన్నీ రాస్తాయి. చచ్చినవాడి అబద్ధాన్ని ఇక ఎవరూ అడగరు.

వేళ్ళు తీసేసింది.

"బుడగ వచ్చింది సార్, అద్దాను. కదలకండి, అచ్చు చెడిపోతుంది."

పావుగంట తర్వాత మొహం బయటికొచ్చింది, ఎర్రగా, చెమటతో. "చచ్చి బతికానే తల్లీ!" అని ఆయన గుండె రుద్దుకున్నాడు. తర్వాత అచ్చు లోపలికి తొంగిచూసి తన మొహాన్ని తనే మెచ్చుకున్నాడు. "ముక్కు బాగా పడింది."

అంత బాగా పడింది కాబట్టే మేనేజరుకి ఆ ఆలోచన వచ్చింది. మొదటి ఆటకి వచ్చేవాళ్ళందరికీ ఆ మొహాన్నే ముసుగులుగా పంచితే? విశ్రాంతి సమయంలో హాలంతా తగిలించుకుంటే ఫోటో అదిరిపోతుంది.

"మూడొందల నా మొహాలా!" గురువుగారి కళ్ళు మెరిశాయి. "నుదుటి మీద సంతకాలు పెడతాను. పంపించండి."

కాయితం ముసుగు చెయ్యడం పొరల పని. అచ్చులో తడి కాయితం ముక్కలు ఒకదాని మీద ఒకటి అంటించుకుంటూ పోవాలి. బయట చర్మం రంగు వేస్తారు. లోపలివైపు, వేసుకున్నవాడి చెంపకి తగిలే పొర, ఏ కాయితమైనా ఫరవాలేదు. పాత పేపరు వేస్తారు మామూలుగా. అచ్చులమ్మ పాత పేపరు వెయ్యలేదు. ఊరవతల ఒక జిరాక్సు దుకాణంలో రెండు కాయితాలకి మూడొందలేసి నకళ్ళు తీయించింది. కుడి చెంప లోపల రూళ్ళ పుస్తకంలో మొదటి పేజీ, మూల అన్నయ్య సంతకం, తేదీతో సహా. ఎడమ చెంప లోపల ఆ ఉత్తరం. మీద పల్చటి వార్నిష్.

సహాయకురాలు అడగనే అడిగింది. "అక్కా, లోపల ఎవరు చూస్తారని ఇంత మెరుగు? ఏంటా రాతలు?"

"చెమట పట్టి తీసినవాళ్ళు చూస్తారు. నిన్నడిగితే మాత్రం నీకు తెలీదు, సరేనా?"

ఆ అమ్మాయి ఆమె వంక చూసింది. వార్నిష్ కుంచె అందుకుంది.

మేనేజరు వచ్చి ముసుగులన్నీ తిప్పి చూశాడు, పైపైన. గురువుగారు రెండు రోజులు కూర్చుని మూడొందల నుదుళ్ళ మీదా సంతకం పెట్టాడు, ముసుగుల్ని బల్లమీద బోర్లించి, ఒక్కటీ తిరగేసి చూడకుండా. లోపల చూసుకునే అలవాటు ఉంటే ఆయన బతుకు వేరేగా ఉండేది.

మొదటి ఆట మధ్యాహ్నం. హాలు కిటకిటలాడింది. విశ్రాంతికి దీపాలు వెలిగాయి. గురువుగారు తెర ముందుకొచ్చి, "అందరూ నా మొహం పెట్టుకోండి!" అన్నాడు. మూడొందల మంది పెట్టుకున్నారు. వరసలు వరసలుగా తనే తనవైపు చూస్తూ ఉంటే ఆయన చేతులు చాచి నిలబడ్డాడు. ఫోటోలు తీశారు. పక్క తలుపు దగ్గర గోడకి ఆనుకుని అచ్చులమ్మ నిలబడి ఉంది.

ఉక్కపోతకి ఒక్కొక్కరే తీయడం మొదలుపెట్టారు. చాలామంది ఒళ్ళో పడేసుకున్నారు. నాలుగో వరసలో ఒక రిటైరైన పంతులమ్మ మాత్రం కళ్ళజోడు తుడుచుకుని, ముసుగు తిరగేసి చూసింది. ముప్పై ఏళ్ళు పిల్లల కాపీలు దిద్దిన మనిషి, రాత కనిపిస్తే చదవకుండా ఉండలేదు.

"ఇందులో ఉత్తరం ఉందేంటి?" అని పైకి చదివింది. "మొహము లేని విలన్‌ను పాఠకులు వారం వారం చూడజాలరు..."

పక్కనున్నవాళ్ళు తమవీ తిరగేశారు. గాలికి ఎండుటాకులు తిరగబడ్డట్టు హాలంతా ముసుగులు తిరగబడ్డాయి. ఎవరో నవ్వారు. ఎవరో తేదీ చదివి, "ఇది పత్రికలో రావడానికి ఆర్నెల్ల ముందుది!" అని అరిచారు.

గురువుగారికి ముందు అర్థం కాలేదు. ఎవరో ఒక ముసుగు చేతికిచ్చారు. చదివాడు.

"నేనంటే గిట్టనివాళ్ళ పని ఇది! పుట్టించిన ఉత్తరం!"

పంతులమ్మ లేచి నిలబడింది. "సంతకం కూడా పుట్టించారా బాబూ? ఇదిగో, నుదుటి మీద మీరే పెట్టారు. లోపల ఉన్నదీ ఇదే. తోక కూడా అటే తిరిగింది."

హాల్లో పుట్టిన నవ్వు చిన్నది కాదు. ఆ నవ్వు ఆగకముందే ఆయన పక్క తలుపు దగ్గరికి దూసుకొచ్చాడు.

"నువ్వా? ఏం చేశానని నీకు? అసలు ఎవరు నువ్వు?"

"బట్టీ గుమస్తా చెల్లెల్ని" అంది అచ్చులమ్మ. "ప్రతి మీ పొయ్యిలో కాలిపోయిందన్నారు కదా. చిత్తుపుస్తకం ఇంట్లో ఉంది సార్. కావాలంటే చూసి పొండి."

మర్నాడు పేపర్లు ఉత్తరాన్నీ నుదుటినీ పక్కపక్కన అచ్చేశాయి. గురువుగారు వారం రోజులు మొహం చాటేశాడు. ఎనిమిదో రోజున నిర్మాతలు సినిమా మొదట్లో ఒక కార్డు చేర్చారు, "మూలకథ, తొలి బొమ్మలు" అని అన్నయ్య పేరుతో. గురువుగారి తర్వాతి సినిమా వేరే దర్శకుడికి వెళ్ళిపోయింది. వీధిలో ఆయన కనపడితే జనం చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని, ముసుగు తీసినట్టు తిరగేసి చూసుకునేవాళ్ళు. ఆయన ఒకసారి గోదాముకి కూడా వచ్చాడు, ఒంటరిగా, ఆ అచ్చు ఇచ్చెయ్యమని. గడ్డం మాసింది. అచ్చు తీసినప్పటి మనిషి కాదు అతను, పదేళ్ళు పైబడ్డట్టున్నాడు.

"ముసలివాణ్ణి. ఇక వదిలెయ్" అన్నాడు.

"మా అన్నయ్యా ముసలివాడే" అని ఆమె తలుపు మూసింది. జాలి వస్తుందేమోనని లోపలంతా వెతుక్కుంది. రాలేదు.

దెబ్బ తగిలింది ఇంట్లో. పేపరు చూసిన అన్నయ్య రెండు రోజులు గోడవైపు తిరిగే పడుకున్నాడు. మూడో రోజు, మంచం మీద కూర్చోబెడుతుంటే, ఎడంచేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"కందకి... లేని దురద... కత్తిపీటకెందుకే?"

"ముప్పై ఏళ్ళు నీ కూడు వాడు తిన్నాడన్నయ్యా."

"నా ఉత్తరం... బజార్లో పెట్టావు. వేరే పని చూసుకోమన్నారని... ఊరందరికీ చెప్పావు." కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇంకోటి. నా దొర పేరుతో... హాలంతా వాడి మొహం పంచావు. దొరకి మొహం ఉండకూడదే. అదే కదా కథ."

గురువుగారిని ఎలా కొట్టాలో ఆమె అన్నీ ఆలోచించింది. అన్నయ్యని అడగాలని మాత్రం ఒక్కసారీ తోచలేదు. తప్పు అనిపించింది. కానీ మళ్ళీ మొదటికొస్తే అదే చేస్తానని కూడా తెలిసింది. రెండూ నిజమే.

ఆ నెలాఖరులో అతనే అడిగాడు. "చూపిస్తావా?"

మధ్యాహ్నం ఆటకి చక్రాల కుర్చీలో తీసుకెళ్ళింది. కార్డు మీద తన పేరు వచ్చినప్పుడు అతను కదల్లేదు. కూలీ గోతిలో పడినప్పుడు కళ్ళు మూసుకున్నాడు. బ్యాంకు దగ్గర నవ్వాడు. ఆఖరికి దొర యజమాని మొహంతో ఇంట్లోకి వెళ్ళి భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు. భార్య గుర్తుపట్టలేదు. పెద్ద పిల్లలు గుర్తుపట్టలేదు. అందరిలోకీ చిన్నపిల్ల చెంచా కింద పెట్టి, "నువ్వు నాన్నవి కాదు" అంది. దొర చెయ్యి, ఆ పిల్ల గొంతు మీదికి వెళ్ళబోయిన చెయ్యి, ఆగిపోయింది.

"అక్షరం మార్చలేదు" అని గొణిగాడు అన్నయ్య. "ఆ పిల్ల నువ్వే. పదేళ్ళప్పుడు అలాగే చూసేదానివి."

ఆమె తెరమీది పిల్ల వంక చూసింది.

"బాగా తీశాడే వెధవ" అన్నాడు మళ్ళీ.

"బాగా తీస్తే?" అంది ఆమె, దవడ బిగించి. "దొంగసొమ్ము మెరిస్తే దొంగ దొరవుతాడా?"

దీపాలు వెలిగాయి, జనం లేస్తున్నారు. అన్నయ్య ఎడంచేత్తో కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని, తెల్లటి తెర వంకే చూస్తూ, "ఇంకో ఆట ఉందేమో కనుక్కో" అన్నాడు.

గురువుగారి మొహాన్ని మళ్ళీ చూడాలని ఆమెకి లేదు. అయినా టిక్కెట్ల కిటికీ దగ్గరికి వెళ్ళి వరసలో నిలబడింది.